పొట్టు ఎవరిది?

మా అమ్మమ్మకి జన్మలో ఒక్కరంటే ఒక్కరే శత్రువు. తోడికోడలు కాదు, ఆడబడుచు అంతకన్నా కాదు. మినప్పప్పు మీద ఉండే నల్లటి పొట్టు!

నవ్వకండి. ఆవిడ పడ్డ పాట్లు కళ్ళారా చూసినదాన్ని కనుక చెబుతున్నాను. పండగ ముందురోజు రాత్రి ఇత్తడి గిన్నెలో పొట్టుపప్పు నానబోసేది. తెల్లవారకుండానే నూతి చప్టా మీద పీట వాల్చుకుని కూచునేది. నానిన పప్పుని రెండు అరచేతుల మధ్యా పామటం, నీళ్ళు పోయటం, పైకి తేలిన పొట్టుని ఒడుపుగా వంచెయ్యటం, మళ్ళీ పామటం. ధనుర్మాసపు చలిలో ఆ చన్నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోయేవి. "చాల్లే అమ్మమ్మా, కాస్త ఉంటే ఏమయింది?" అంటే, "ఒక్క నల్లచుక్క కూడా కనపడకూడదే తల్లీ" అనేది.

ఆ పట్టుదల వెనక ఒక కథ ఉంది. ఆవిడ కాపురానికి వచ్చిన మొదటి ఏడు, చుట్టాలందరూ బంతిలో కూచుని ఉండగా, వాళ్ళ అత్తగారు ఒక గారె తుంచి నలుగురికీ చూపిస్తూ, "చూశారర్రా, మా కోడలు గారెలక్కూడా దిష్టిచుక్కలు పెట్టింది" అందిట. అందరూ నవ్వారు. అప్పటికి అమ్మమ్మకి పదిహేనేళ్ళు. ఆ నవ్వు మాత్రం ఆవిడ చెవుల్లోంచి అరవై ఏళ్ళు పోలేదు. ఆ అరవై ఏళ్ళూ పప్పు పాముతూనే ఉంది.

పామగా వచ్చిన పొట్టంతా కుడితి తొట్టిలోకి పోయేది. మేం తెల్లటి గారెలు తినేవాళ్ళం. మా గేదె నల్లటి పొట్టు తినేది. ఎవరికి లాభం కలిగిందో అప్పుడు ఆలోచించే వయసు కాదు నాది.

కానీ ఒక విచిత్రం ఉంది. అది ఈ మధ్యనే గుర్తొచ్చింది. నేను పెద్దమనిషినైనప్పుడు అదే అమ్మమ్మ సున్నుండలు చేసి పెట్టింది. ఆ సున్నుండలకి మాత్రం పొట్టు తియ్యలేదు. నల్లటి మినుముల్ని పొట్టుతోనే కమ్మగా వేయించి, తిరగలిలో విసిరి, బెల్లమూ నెయ్యీ పోసి కట్టింది. "ఇవేమిటి ఇలా నల్లగా ఉన్నాయి?" అని నేను మూతి ముడిస్తే, "ఇవి చుట్టాలకి కాదే పిచ్చిదానా, నీకు. నడుము గట్టిపడాలి" అంది. అంటే చుట్టాల విస్తట్లోకి తెలుపు, ఆడపిల్ల ఒంట్లోకి నలుపు అన్నమాట! ఒకే చేత్తో ఆవిడ రెండు పనులూ చేసింది. ఎందుకని నేను అడగలేదు. అడిగినా "మా అమ్మ అలాగే చేసేది" అనే చెప్పి ఉండేది కాబోలు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా అమ్మాయి ఇంటర్‌లో బైపీసీ చదువుతోంది. నేను చదివింది బి.ఏ. సైన్సు పుస్తకం చూస్తే నాకు ఇప్పటికీ చేతులు చెమటలు పడతాయి. ఒకరోజు వంటింట్లో నేను బఠానీలు ఒలుస్తూ ఉంటే అది వచ్చి, ఒక గింజ పైపొరని గోటితో లేపి, "అమ్మా, ఈ పొట్టు ఎవరిదో తెలుసా?" అంది.

"ఎవరిదేమిటే, బఠానీది."

"కాదు. వాళ్ళమ్మది."

పిల్ల వేళాకోళమాడుతోందేమో అనుకున్నాను. తర్వాత పుస్తకం తెచ్చి చూపించింది. నిజమే! పువ్వులో అండాన్ని చుట్టుకుని కొన్ని పొరలు ఉంటాయట. గింజ ముదిరేసరికి ఆ పొరలే పొట్టు అవుతాయి. అవి తల్లి మొక్క ఒంటిలో భాగం. లోపల ఉన్న రెండు బద్దలూ, వాటి మధ్య ఉన్న చిన్న ముక్కూ మాత్రమే కొత్తగా పుట్టిన పిల్ల. అంటే మనం పప్పు పామినప్పుడల్లా పిల్లని ఉంచుకుని, తల్లి కప్పిన కొంగుని లాగి పారేస్తున్నామన్నమాట. నవలలు రాసేదాన్ని కదా, ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. చేతిలో ఉన్న సీరియల్ పక్కన పెట్టేసి పొట్టు చరిత్ర చదవటం మొదలుపెట్టాను.

ఆ చరిత్రలో మొట్టమొదట నాకు ఎదురుపడ్డవాడు మెండెల్. 1822లో ఆనాటి ఆస్ట్రియా రాజ్యంలో, ఈనాడు చెక్ దేశంలో ఉన్న ఒక పల్లెటూళ్ళో రైతు బిడ్డగా పుట్టాడు. తండ్రి దెబ్బ తగిలి పొలం పని చెయ్యలేని స్థితికి వస్తే ఈయన చదువు ఆగిపోయేదే. అప్పుడు చెల్లెలు తెరేజియా తన కట్నం కోసం ఉంచిన దాంట్లోంచి కొంత అన్నగారి చదువుకి ఇచ్చేసింది. చూశారా, ఎక్కడయినా ఆడపిల్ల వాటాయే ముందు కరుగుతుంది! అయితే మెండెల్ ఆ ఋణం మరిచిపోలేదు. తను స్థిరపడ్డాక ఆవిడ కొడుకుల చదువులకి సాయం చేశాడు.

మెండెల్ బ్రనో పట్నంలోని క్రైస్తవ మఠంలో సన్యాసి అయ్యాడు. 1856 నుంచి ఎనిమిదేళ్ళపాటు మఠం తోటలో బఠానీ మొక్కలు పెంచి, ఒక రకాన్ని మరో రకంతో సంకరం చేసి, పుట్టిన పిల్లలన్నిటినీ లెక్కపెట్టాడు. ఆయన ఎంచుకున్న ఏడు లక్షణాల్లో ఒకటి పొట్టు రంగు. లోపలి బద్ద పచ్చగా ఉందో పసుపుగా ఉందో చూడాలంటే సంకరం చేసిన ఏడాదే కాయ ఒలిచి చూస్తే సరిపోయేది. పొట్టు రంగు మారిందో లేదో చూడాలంటే మాత్రం ఆ గింజని మళ్ళీ నాటి, అది పెరిగి తనూ తల్లి అయ్యేదాకా, ఇంకో ఏడాది ఆగవలసి వచ్చేది. పొట్టు తల్లిది కనుక!

ఆయన ఇంకో సంగతి గమనించాడు. ఊదారంగు పువ్వు పూసిన మొక్క గింజలకి పొట్టు బూడిద, గోధుమ రంగుల్లో ఉంటుంది. తెల్లపువ్వు మొక్క గింజలకి పొట్టు కూడా తెలుపే. రెండిటినీ కలిపితే పుట్టినవన్నీ రంగువే అయ్యాయి. వాటి పిల్లలు 929 మొక్కల్లో 705 రంగు పువ్వులవి, 224 తెల్లవి. మూడింటికి ఒకటి. 1865లో సభలో చదివాడు, 1866లో అచ్చువేశాడు. పట్టించుకున్నవాళ్ళు లేరు. 1884లో ఆయన పోయాడు. 1900లో గాని లోకం ఆ కాగితాలు తీసి చదవలేదు.

పువ్వు రంగుకీ, పొట్టు రంగుకీ ఏమిటా చుట్టరికం? మెండెల్‌కి తెలియదు. అది తెలియటానికి లోకానికి ఇంకా చాలాకాలం పట్టింది. రెండిట్లోనూ ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన పదార్థాలు. వాటిల్లో నీలం, ఊదా, ఎరుపు రంగులిచ్చే వాటిని ఆంథోసయనిన్లు అంటారు. గ్రీకు భాషలో ఆంథోస్ అంటే పువ్వు, క్యానోస్ అంటే నీలం. 1835లో మార్‌క్వార్ట్ అనే జర్మనీ ఆయన పెట్టిన పేరు అది. లేత పసుపు రంగువి ఫ్లేవనాయిడ్లు. నోట్లో పెట్టుకుంటే నాలుక పిడచకట్టినట్టు చేసేవి టానిన్లు.

టానిన్ అంటే ఏదో కొరుకుడుపడని మాట అనుకోకండి. మన షడ్రుచుల్లో వగరు అని ఒకటుంది చూశారూ, అదే. మన పల్లెల్లో తోళ్ళు ఊనటానికి తంగేడు చెక్క వాడేవారు. ఆ చెక్కలో ఉన్నదీ అదే. మాంసకృత్తుల్ని గట్టిగా పట్టేసుకోవటం దాని స్వభావం. అందుకే తోలు గట్టిపడుతుంది, అందుకే పచ్చి అరటికాయ కొరికితే నోరు బిగదీసుకుపోతుంది.

గింజకి తల్లి ఈ వగరూ ఈ రంగూ ఎందుకు పూసింది? మీరూ నేనూ పసిపిల్లని బయటికి తీసుకువెళ్ళేప్పుడు ఒళ్ళంతా కప్పి, బుగ్గన చుక్క పెట్టమూ? అందుకే. నేలలో పడ్డ గింజకి బూజు పట్టకుండా, పురుగు నమలకుండా, నీళ్ళు ఒక్కసారిగా లోపలికి చొరబడకుండా ఆ పొర కాపలా కాస్తుంది. తెల్లపొట్టు బఠానీలు నేలలో త్వరగా కుళ్ళిపోతాయి, రంగువి తట్టుకుంటాయి. మెండెల్ చూసిన ఆ తెలుపుకి అసలు కారణం ఏమిటో 2010లో బయటపడింది. రంగు పదార్థాల తయారీని మొదలుపెట్టే మీట లాంటి జన్యువు ఒకటుంది. తెల్లపువ్వు మొక్కలో ఆ మీట చెడిపోయింది. అంతే!

మా అమ్మమ్మని అత్తగారు "దిష్టిచుక్కలు పెట్టింది" అని వెక్కిరించింది కదా. ఆ మహాతల్లికి తెలియకుండానే నోట్లోంచి నిజం వచ్చేసింది. అవి దిష్టిచుక్కలే. పెట్టింది మాత్రం అమ్మమ్మ కాదు, మినుమును కన్న తల్లి.

ఈ రంగుల వెంట పడి వెళుతుంటే దారి ఎక్కడికి తీసుకొచ్చిందనుకున్నారు? మన వాల్తేరుకి! టి. ఆర్. శేషాద్రిగారని గొప్ప రసాయన శాస్త్రవేత్త. 1900లో తమిళదేశంలో పుట్టి, మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చారు. 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి 1949 దాకా రసాయన శాస్త్ర శాఖని నడిపించారు. ఆయనా, ఆయన శిష్యులూ మన పత్తి పువ్వులూ, మన గోంగూర పువ్వులూ తెచ్చి, వాటిల్లోని పసుపు రంగు ఫ్లేవనాయిడ్లని విడదీసి, ఒక్కొక్కదాని నిర్మాణం తేల్చారు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను వాళ్ళు బాంబులు వేస్తే విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయింది. అలాంటి రోజుల్లో కూడా ఆ పని ఆగలేదు. గోంగూర పచ్చడి కోసం ఆకు గిల్లి, పువ్వుని పెరట్లో పారేసే మనం ఆ పువ్వు ఒక ప్రయోగశాలలో అంత గౌరవం అందుకుందని ఎన్నడైనా విన్నామా?

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. పైపొర తీసి పారెయ్యటం మనిషిని ఎంత దెబ్బ తీసిందో లోకానికి మొదట నేర్పింది పప్పు కాదు, బియ్యం. మన కోస్తా జిల్లాలని ఉత్తర సర్కారులనే రోజుల్లో ఇక్కడ బెరిబెరి జబ్బు ఎక్కువగా ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె ఆగి పోయేవారు. ఇదే జబ్బు జావా ద్వీపంలోనూ ఉండేది. అక్కడ 1890 ప్రాంతంలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు, తెల్లగా మరపట్టిన బియ్యపు అన్నం తిన్న కోళ్ళకి కాళ్ళు పడిపోవటమూ, తవుడు ఉన్న బియ్యం పెడితే లేచి తిరగటమూ చూశాడు. ఆయన తర్వాత ఆ పని అందుకున్న గ్రైన్స్ 1901లో ఇంకో మాట చెప్పాడు. పెసలు పెట్టినా ఆ కోళ్ళు బాగుపడుతున్నాయని! ఆ గుణం పొట్టులోని రంగుది కాదు, గింజలో ఉన్న బి విటమినుది. అయినా తెల్లగా ఉన్నదల్లా మంచిది కాదనే అనుమానం మనుషులకి మొదలయింది అప్పుడే.

పొట్టులోని రంగుకి కూడా ఒకసారి విటమిను పీట వేశారు. 1936లో హంగెరీ దేశపు సెంట్ జార్జి, నిమ్మపండులో ఉన్న ఫ్లేవనాయిడ్లు రక్తనాళాలకి మేలు చేస్తాయని, వాటికి విటమిను పి అని పేరు పెట్టాడు. అవి లేకపోతే ఫలానా జబ్బు వస్తుందని ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు. 1950 ప్రాంతంలో ఆ పేరు తీసేశారు. పీట మీదికి ఎక్కించి దింపెయ్యటం అంటే ఇదే.

ఆ తర్వాత కొన్నాళ్ళు పొట్టు మీద నేరాలు మోపారు. 1990ల్లో మళ్ళీ దశ తిరిగింది. 1993లో నెదర్లాండ్స్‌లో ముసలివాళ్ళయిన 805 మంది మగవాళ్ళ ఆహారం పరిశీలించి, టీ, ఉల్లిపాయ, ఆపిల్ ద్వారా ఫ్లేవనాయిడ్లు ఎక్కువ తీసుకున్నవాళ్ళలో గుండెజబ్బు చావులు తక్కువగా ఉన్నాయన్నారు. ఇక అన్ని గింజల పొట్లూ వెతకటం మొదలయింది. నల్ల బీన్స్ పొట్టులో ద్రాక్షపండులో ఉండే రకం ఆంథోసయనిన్లే కనిపించాయి. నల్ల సోయా పొట్టులో ఇంకో రకం. మన పెసల ఆకుపచ్చ పొట్టులో వైటెక్సిన్ అనేది. గింజ మొత్తంలో ఉన్న వైటెక్సిన్‌లో చాలా భాగం ఆ పల్చటి పొట్టులోనే ఉంది. 2004లో అమెరికాలో వందకి పైగా ఆహార పదార్థాలని పరీక్షనాళికల్లో పోల్చి చూస్తే, బోలెడు డబ్బు పోసి కొనే బెర్రీ పండ్లని వెనక్కి నెట్టి ఎర్ర చిక్కుడు గింజలు మొదటి స్థానంలో నిలబడ్డాయి.

ఇంత చదివాక నేను ఊరుకుంటానా? పొట్టు పిచ్చి పట్టుకుంది. పొద్దున్న పొట్టుతో పెసరట్టు. మధ్యాహ్నం ఉలవచారు. ఉలవచారు అంటే మరి ఉలవలు ఉడికిన నీళ్ళే కదా, పొట్టులోని రంగూ వగరూ సగం ఆ నీళ్ళలోకే దిగుతాయి. గింజలు ఎడ్లకి పెట్టి, నీళ్ళు తను కాచుకున్న రైతు ఇల్లాలు ఎంత తెలివైనదో! సాయంత్రం ఉడికించిన అలసందలు. ప్రతిదాని వెనకా ఒక గ్లాసు చిక్కటి టీ. మా వారు పాపం నోరెత్తకుండా తిన్నారు. మా అమ్మాయి మాత్రం "ఈ ఇంట్లో మనుషులకి పెట్టేవి పోయి ఎడ్లకి పెట్టేవి మిగిలాయి" అంది.

మూడు నెలలయ్యాక మెట్లెక్కుతుంటే ఆయాసం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9. డాక్టరమ్మ నా తిండి సంగతంతా అడిగింది. నేను గర్వంగా చెప్పాను. ఆవిడ నవ్వింది.

"పొట్టు వల్లే మీకు రక్తం తగ్గిందని నేను అనను. ఈ వయసులో ఆడవాళ్ళకి కారణాలు చాలా ఉంటాయి. కానీ గింజల్లో ఉన్న కాస్త ఇనుమునీ ఆ వగరు పట్టేసుకుంటుంది. దాని మీద మళ్ళీ టీ పోస్తున్నారు. అదీ వగరే కదా! టీ భోజనానికి గంట దూరంలో పెట్టండి. పప్పులో నిమ్మకాయ పిండుకోండి. గింజలు నానబెట్టండి, మొలకెత్తనివ్వండి" అని మందులు రాసిచ్చింది.

ఇంటికొచ్చి మళ్ళీ పుస్తకాలు తీశాను. పొట్టు మీద నేరం మోపారని ఇందాక ఒక్క ముక్కలో అని దాటేశాను చూశారూ? ఆ మోపినవాళ్ళు మన ఊరివాళ్ళే. 1918లో కూనూరులో బెరిబెరి మీద విచారణకి పుట్టిన చిన్న ప్రయోగశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి వచ్చింది. అదే జాతీయ పోషకాహార సంస్థ. 1982లో అక్కడి శాస్త్రవేత్తలు మనం రోజూ తినే పదార్థాల్లోని టానిన్లని కొలిచి, అవి ఇనుము ఒంటికి పట్టకుండా ఎలా అడ్డుపడతాయో చూపించారు. వాళ్ళ చింత కూడా న్యాయమైనదే. మన దేశంలో రక్తం చాలని ఆడవాళ్ళు ఎంతమంది! వాళ్ళ విస్తట్లో ఇనుము ఉంటే ఉన్న దిక్కు ఆ పప్పులూ ఆకుకూరలే.

అమెరికాలో బెర్రీల్ని ఓడించిన ఆ జాబితాల గతి ఏమయిందో కూడా అప్పుడే చదివాను. పరీక్షనాళికలో వచ్చిన అంకెలు చూపించి వ్యాపారులు జనాన్ని మభ్యపెడుతున్నారని, ఒంట్లోకి వెళ్ళాక అదే పని జరుగుతుందని చెప్పలేమని, 2012లో అక్కడి ప్రభుత్వ వ్యవసాయ శాఖ ఆ పట్టికనే తీసేసింది. ఇంకో ముచ్చట. 2015లో నల్ల బీన్స్ పొట్టులోని పదార్థాలని ఒక్కొక్కటిగా విడదీసి, ప్రయోగశాలలో పెంచిన కణాల మీద పరీక్షించారు. కొన్ని ఇనుము లోపలికి పోకుండా అడ్డుపడ్డాయి. కొన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాయి. ఒకే పొట్టులో రెండూ! ఉమ్మడి కుటుంబం అంటే అలాగే ఉంటుంది మరి.

ఏ మాటకా మాట చెప్పుకోవాలి. నాకు మొదట కోపం వచ్చింది. మేలని చెప్పినవాళ్ళెవరు, కీడని చెప్పినవాళ్ళెవరు, ఎవర్ని నమ్మను? తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే తట్టింది. తల్లి ఆ పొర కప్పింది పిల్లని కాపాడుకోవటానికి గాని, నాకు ఆరోగ్యం ఇవ్వటానికి కాదు. బూజునీ పురుగునీ ఆపే వస్తువు నా కడుపులో కాస్త మేలూ చేస్తుంది, కాస్త చిక్కూ పెడుతుంది. దాన్ని అమృతమని నెత్తిన పెట్టుకోవటం తప్పే, చెత్త అని కుడితిలో పొయ్యటమూ తప్పే. నానబెట్టి, మొలకెత్తించి, ఉడికించి, పులుపు కలిపి తింటే సరిపోతుంది. మన వంటిళ్ళలో ఉన్న పద్ధతులు అవే కదా! మా అమ్మమ్మకి ఆంథోసయనిన్ సంగతి తెలుసునని నేను బడాయిపోను. ఆవిడకి తెలిసింది ఎవరికి ఏది పెట్టాలన్నదే.

కానీ అసలు నా మనసులో మిగిలిపోయిన ప్రశ్న వేరే ఉంది.

మన ఆడవాళ్ళు ఎన్ని వందల ఏళ్ళుగా ఈ పొట్టు తీస్తున్నారు? కందులకైతే ఇంకా నరకం. పొట్టుకీ బద్దకీ మధ్య బంక గట్టిగా పట్టి ఉంటుంది. అందుకని నానబెట్టటం, నూనె రాయటం, కొన్నిచోట్ల ఎర్రమన్ను పట్టించటం, ఎండబెట్టటం, తిరగలి విసరటం, చేటతో చెరగటం. కంది గింజ బరువులో నూటికి సుమారు 15 పాళ్ళు పొట్టే. అంటే ఆ కష్టమంతా పడి, ఏడు గింజలకి ఒక గింజ ఎత్తు బయట పారేశాం. పప్పు మరలు వచ్చి ఆ చాకిరీ తప్పించాయి. చాయపప్పూ మినపగుళ్ళూ సంచుల్లో దొరికాయి. అందుకు నేను మరలకి దణ్ణమే పెడతాను. ఎవరైనా మగమహారాజు "పాతకాలపు తిండే మంచిదమ్మా" అని ఉపన్యాసం మొదలుపెడితే, ముందు ఆయన్ని ఒక్కరోజు తిరగలి ముందు కూచోబెట్టాలి.

అయితే పాతకాలం మనకి రెండు ఇచ్చింది. ఒకటి పొట్టుతో తినే పెసరట్టు, ఉలవచారు, నల్ల సున్నుండ. రెండోది నల్లచుక్క కనపడితే కోడల్ని నలుగురిలో నవ్వులపాలు చేసే అలవాటు. మొదటి దాంట్లో ఆడదానికి చాకిరీ తక్కువ, బలం ఎక్కువ. రెండోదాంట్లో చాకిరీ అంతా ఆవిడది, మెప్పు ఇంకొకళ్ళది. మనం మొదటిదాన్ని మరిచిపోయి రెండోదాన్ని మర్యాద అనుకున్నాం. పొట్టు తియ్యకపోతే పని తగ్గుతుందన్న సంగతి చెప్పటానికి ఏ శాస్త్రవేత్తా అక్కర్లేదు. ఇంట్లో ఎవరో ఒకరు "ఉండనీలే అమ్మా" అంటే చాలు. మా అమ్మమ్మకి ఆ మాట అనేవాళ్ళు దొరకలేదు.

ఈ సంక్రాంతికి మా అమ్మ మా ఇంట్లోనే ఉంది. నా హిమోగ్లోబిన్ 11కి వచ్చింది, టీ కూడా దారిలోకి వచ్చింది. పండగ తెల్లవారుజామున అలికిడైతే లేచి చూద్దును కదా, అమ్మ వంటింట్లో సింకు ముందు స్టూలు వేసుకుని పొట్టుపప్పు పాముతోంది. కీళ్ళనొప్పులతో వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. అచ్చం అమ్మమ్మ కూచున్నట్టే, ఒక భుజం పైకెత్తి.

గిన్నె లాక్కున్నాను. రెండుసార్లు కడిగి, తేలిన కాస్త పొట్టూ వంచేసి, మిగిలింది అలాగే గ్రైండరులో వేశాను. అమ్మ "అయ్యో అయ్యో" అంటూనే ఉంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర దంచి కలిపి గారెలు వేశాను. ఎర్రగా వేగాయి. ఒళ్ళంతా నల్లచుక్కలు.

అమ్మ ఒక గారె తుంచి కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. "అమ్మ ఉంటే ఏమనేదో" అంది. తర్వాత నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి, "మనకంటే మన గేదే సుఖంగా తిందే పిల్లా!" అని నవ్వి, రెండో గారెకి చెయ్యి చాపింది.